జిప్సం వేస్తే భాస్వరం ఎటు పోతుంది?

మొన్న తొర్రూరు మార్కెట్ యార్డులో ఒక రైతు పక్కకు పిలిచి అడిగిండు. "అన్నా, జిప్సం ఏస్తే డిఏపీ పని చెయ్యదని మా ఊర్ల అంటున్నరు. నిజమేనా? ఆ మాట పట్టుకొని పోయిన యాసంగిల పల్లికి జిప్సం బందు వెట్టిన. పైకెళ్లి డిఏపీ ఇంకో బస్తా ఎక్కువేసిన. చెట్టు ఏపుగనే పెరిగింది. పీకి చూస్తే సగం కాయలు లొట్టలే!"

ఆ రైతుకున్నది ఎకరంన్నర చెలక. ఒక బస్తా ఖర్చు అదనం, పైగా సగం పంట నష్టం. ఊర్లో విన్న మాటలో పిసరంత నిజం ఉంది. కానీ ఆ పిసరంత నిజమే ఆయనను ముంచింది. మీలో చాలామందికి ఇదే అనుమానం ఉండవచ్చు. అందుకే భాస్వరం నేలలో పడ్డాక ఏమవుతుందో, సున్నం, జిప్సం దాన్ని ఏం చేస్తాయో ఈ వారం వివరంగా తెలుసుకుందాం.

బస్తాలో ఉన్నది ఏమిటి?

భాస్వరం ఎరువు పుట్టుక రాతిలో ఉంది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్రా గనిలో రాక్ ఫాస్ఫేట్ అనే రాయి దొరుకుతుంది. ఆ రాయిలో భాస్వరం సున్నపు ధాతువైన కాల్షియంతో గట్టిగా ముడిపడి ఉంటుంది. ఈ రూపానికి ఎపటైట్ అని పేరు. ఇది నీళ్లలో కరగదు. పొడి చేసి మన పొలంలో చల్లినా పైరుకు అందేది బహు తక్కువ.

అందుకే ఫ్యాక్టరీలో ఆ రాతిపొడిని గంధకామ్లంతో కలుపుతారు. ఆమ్లం కాల్షియాన్ని చాలావరకు తన వైపు లాగేసుకుంటుంది. ముడి విడిపోతుంది. భాస్వరం మోనో కాల్షియం ఫాస్ఫేట్ అనే నీళ్లలో కరిగే రూపంలోకి వస్తుంది. ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాస్ అనే ఆయన 1842లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1906లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని రాణిపేటలో మొదటి సూపర్ ఫాస్ఫేట్ ఫ్యాక్టరీ మొదలైంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆమ్లం లాగేసుకున్న కాల్షియం ఎక్కడికి పోయింది? అదే జిప్సం అయింది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ తయారీలో ఆ జిప్సాన్ని వేరు చేయరు, బస్తాలోనే ఉంచేస్తారు. అంటే మీరు కొనే సూపర్ బస్తాలో 16 శాతం భాస్వరంతో పాటు దాదాపు సగం బరువు జిప్సమే. అందులోని గంధకం 11 శాతం దాకా ఉంటుంది. పత్తి చేలో ఎకరానికి మూడు బస్తాల సూపర్ వేసిన రైతు, తెలియకుండానే డెబ్బై కిలోల పైచిలుకు జిప్సం కూడా వేసినట్లే. జిప్సం పడితే భాస్వరం పనిచేయదన్నదే నిజమైతే, మన తాతల కాలం నుంచీ సూపర్ ఏ పొలంలోనూ పనిచేయకూడదు గదా!

విప్పిన ముడి మళ్లీ పడుతుంది

అయితే భయం ఎక్కడి నుంచి వచ్చింది? నేలలో జరిగే పని చూస్తే తెలుస్తుంది.

తడి తగలగానే ఎరువు గుళిక కరుగుతుంది. భాస్వరం గుళిక చుట్టూ కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. యూరియా నీళ్లతో పాటు పారుతుంది గాని భాస్వరం పారదు. వేరే దాని దగ్గరికి పోవాలి. ఆలోపు నేలలో ఉన్న కాల్షియం దాన్ని పట్టుకుంటుంది. మొదట డై కాల్షియం ఫాస్ఫేట్‌గా మారుతుంది. ఇది కొంచెం కొంచెంగా కరుగుతుంది కాబట్టి పైరుకు ఇంకా పనికివస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆక్టా కాల్షియం ఫాస్ఫేట్ అవుతుంది. ఇది మరింత మొండిది. ఏళ్లు గడిస్తే మళ్లీ ఎపటైట్ వైపే నడుస్తుంది. అంటే ఫ్యాక్టరీలో విప్పిన ముడిని నేల నిదానంగా మళ్లీ వేస్తుందన్నమాట.

అందుకే వేసిన భాస్వరంలో మొదటి పంట తీసుకునేది సాధారణంగా 15 నుంచి 20 శాతమే. 50 కిలోల డిఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. అందులో ఆ పంటకు అందేది మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. మిగతాది ఎక్కడికీ పోలేదు. మీ నేలలోనే ఉంది, కానీ తాళం పడి ఉంది.

నాలుగు తాళాలు

ఆ తాళాలు ఎన్ని రకాలో కనుక్కోవడానికి 1957లో చాంగ్, జాక్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పద్ధతి చెప్పారు. ఒకే మట్టిని ఒకదాని తర్వాత ఒకటిగా వేర్వేరు ద్రావణాలతో కడుగుతారు. ఒక్కో ద్రావణం ఒక్కో తాళం తీస్తుంది. ఆ లెక్కన నేలలోని ఖనిజ భాస్వరాన్ని ముఖ్యంగా ఇలా విడదీయవచ్చు.

మొదటిది, మట్టి రేణువులకు వదులుగా అంటుకొని ఉండేది. పైరు సులువుగా తీసుకునేది ఇదే. ఇది ఎప్పుడూ కొంచెమే ఉంటుంది.

రెండోది అల్యూమినియంతో, మూడోది ఇనుముతో కలిసినవి. పిహెచ్ తక్కువగా ఉండే ఎర్ర చెలకల్లో, దుబ్బ నేలల్లో ఈ రెండింటి పాత్ర ఎక్కువ.

నాలుగోది కాల్షియంతో కలిసినది. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో, పిహెచ్ 7.5 దాటిన నేలల్లో ఇదే ఎక్కువ.

ఇవి కాక పెంటలో, చివికిన ఆకు అలములో ఉండే సేంద్రియ భాస్వరం వేరే ఉంది. అది సూక్ష్మజీవుల పనివల్ల మెల్లగా విడుదల అవుతుంది.

తొర్రూరు చుట్టుపక్కల ఒకే రైతుకు గట్టు మీద చెలక, కింద రేగడి ఉండటం మామూలే. రెండింటికీ ఒకే లెక్కన డిఏపీ వేస్తాం. కానీ పైన తాళం వేసేది ఇనుము, కింద తాళం వేసేది సున్నం. మందు ఒకటే అయినా నేల చేసే పని వేరు.

జిప్సం నేలలు ఎక్కడ ఉన్నాయి?

జిప్సం నిండిన నేలలు నిజంగానే ఉన్నాయి, మన దగ్గర కాదు. రాజస్థాన్‌లోని బికనేర్, నాగౌర్ ప్రాంతాల్లో భూమిలో జిప్సం పొరలు ఉన్నాయి. బయటి దేశాల్లో ఇరాన్, ఇరాక్, సిరియా, స్పెయిన్‌లలోనూ ఇలాంటి నేలలు ఉన్నాయి. అవన్నీ వాన తక్కువ చోట్లు. లీటరు నీటిలో రెండున్నర గ్రాముల దాకా జిప్సం కరుగుతుంది. బికనేర్‌లో ఏడాదికి పడేది 300 మిల్లీమీటర్ల లోపే కనుక అక్కడ జిప్సం నేలలో నిలిచిపోయింది. మన జిల్లాలో దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన నేలలో ఉన్నా ఎన్నడో కడుక్కుపోయేది.

ఆ నేలల్లో కాల్షియానికి కొదవ ఉండదు. ప్రతి వానకూ, ప్రతి తడికీ జిప్సం కరిగి కొత్త కాల్షియం వస్తూనే ఉంటుంది. భాస్వరం వేయగానే ముడి తొందరగా పడుతుంది. ఊర్లో మాట్లాడుకునే మాటకు మూలం ఇది. అక్కడ నిజమే. కానీ ఆ మాటను తెచ్చి మన పల్లి చేనుకు తగిలించకూడదు. ఎందుకో లెక్క చూడండి.

ఎకరంలో ఆరు అంగుళాల లోతు మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. పల్లికి మనం వేసే జిప్సం 200 కిలోలు. అంటే 4,500 కిలోల మట్టికి ఒక్క కిలో జిప్సం. జిప్సం నేల అని పిలిచే చోట నూటికి 5 పాళ్లు, అంతకు మించి జిప్సం ఉంటుంది. అంటే అదే 4,500 కిలోల మట్టిలో 225 కిలోలు. ఒక కిలో ఎక్కడ, 225 కిలోలు ఎక్కడ!

మన రేగళ్లలో భాస్వరానికి నిజమైన తాళం జిప్సం కాదు, సున్నం. దున్నేటప్పుడు తెల్లటి సున్నపు రాళ్లు పైకి తేలే మడి మీకు ఉంటే అది ఈ కోవలోదే. నూటికి 5 పాళ్లు సున్నం ఉన్న రేగడి అయితే పైన చెప్పిన 225 కిలోల లెక్క సున్నానికి వర్తిస్తుంది. జిప్సానికి పిహెచ్ పెంచే గుణం లేదు. సున్నానికి ఉంది.

మీ చేలోని తెల్లరాయి సున్నమా, జిప్సమా అన్న అనుమానం ఉంటే ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. రాయిని పొడి చేసి, దాని మీద నిమ్మకాయ పిండండి. సన్నగా బుడగలు వస్తే సున్నం. రాకపోతే సున్నం కాదు.

చౌడులో కథ వేరు

జిప్సం పెద్ద మొత్తంలో వేసే చోటు ఇంకొకటి ఉంది, అది కారు చౌడు. ఈ నేలల్లో సోడియం ఎక్కువ. సోడియంతో కలిసిన భాస్వరం నీళ్లలో బాగా కరుగుతుంది. అందుకే చౌడు మట్టిని పరీక్షకు పంపితే భాస్వరం ఎక్కువ అని రావచ్చు. చూసి ఆశ్చర్యపోకండి. భాస్వరం ఉన్నా, మిగతా గుణాలు చెడి పైరు పెరగదు.

జిప్సం వేసి, నీరు కట్టి, మురుగు బయటికి తీస్తే సోడియం పోయి కాల్షియం వస్తుంది. అప్పుడు భాస్వరం కాల్షియం రూపంలోకి మారుతుంది. అందువల్ల పైరు ఎండిపోతుందా? లేదు. హర్యానాలోని కర్నాల్‌లో 1969లో ఏర్పడిన కేంద్ర చౌడు నేలల పరిశోధనా సంస్థ అనుభవం చూస్తే, జిప్సంతో బాగు చేసిన అక్కడి చౌడుల్లో తొలి కొన్నేళ్లు వరి, గోధుమలకు భాస్వరం వేయకున్నా దిగుబడి తగ్గలేదు. పాత నిల్వ సరిపోయింది. ఆ తర్వాత నిల్వ తగ్గాకే వేయవలసి వచ్చింది. కనుక చౌడు బాగుచేసే రైతు ఏటా మట్టి పరీక్ష చేయించుకుంటే కొన్ని బస్తాల ఖర్చు మిగులుతుంది. చౌడుకు ఎంత జిప్సం కావాలో కూడా పరీక్ష చేయించే వేయాలి. మురుగు పోయే కాలువ లేకుండా వేస్తే డబ్బు దండగ.

ఫిన్లాండు రైతులు ఏం చేశారు?

జిప్సం భాస్వరాన్ని కాపాడిన చోటు కూడా ఉంది. ఫిన్లాండు దేశంలో పొలాల మీద నుంచి బురద నీటితో పాటు భాస్వరం కొట్టుకుపోయి సముద్రంలో పాచి పెరిగేది. హెల్సింకి విశ్వవిద్యాలయం, అక్కడి పర్యావరణ సంస్థ కలిసి 2016లో సావియోకి అనే ఏటి పక్కన రైతుల పొలాల్లో హెక్టారుకు 4 టన్నుల జిప్సం చల్లించాయి. అంటే ఎకరానికి 1,600 కిలోలు, మన పల్లికి వేసేదానికి ఎనిమిది రెట్లు. బురదతో కొట్టుకుపోయే భాస్వరం దాదాపు సగం తగ్గింది. పంట దిగుబడి మాత్రం తగ్గలేదు.

దీని కీలకం మనకు కొత్తది కాదు. బురద నీటి బిందెలో పటిక తిప్పితే మట్టి అడుగుకు దిగి నీరు తేటపడుతుంది గదా. జిప్సం కూడా సన్న మట్టిని అలాగే గుంపు కట్టిస్తుంది. మట్టి పోకపోతే దానికి అంటుకున్న భాస్వరమూ పోదు.

మరి మనం ఏం చేయాలి?

భాస్వరం విషయంలో ఎన్ని బస్తాలన్న దానికన్నా ఎప్పుడు, ఎక్కడ వేశామన్నది ముఖ్యం. తాళం పడకముందే వేరుకు అందించాలి. అంతే సూత్రం.

పత్తి: ఎకరానికి 24 కిలోల భాస్వరం సిఫారసు. సూపర్ అయితే మూడు బస్తాలు, డిఏపీ అయితే బస్తా మీద రెండు కిలోలు. మొత్తం ఆఖరి దుక్కిలోనే వేయాలి. నెల రోజుల పత్తికి మొదట్లో డిఏపీ పోసే అలవాటు చాలామందికి ఉంది. పైన పడిన భాస్వరం పైనే ఆగిపోతుంది, వేరు లోతులో ఉంటుంది. ఆ ఖర్చులో ఫలితం తక్కువ.

మక్క: వెదజల్లడం కన్నా సాలులో వేయడం మేలు. విత్తనానికి రెండు అంగుళాలు పక్కగా, రెండు అంగుళాలు లోతుగా పడేటట్లు చూడాలి. సాలులో పడితే ఎరువు తక్కువ మట్టికి తగులుతుంది, ముడి ఆలస్యంగా పడుతుంది, మొలక వేరుకు వెంటనే అందుతుంది. లేత మక్క ముదురు ఆకులు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం అందడం లేదని గుర్తు.

వరి: భాస్వరం మొత్తం దమ్ములోనే వేయాలి. నీరు నిలిచిన మడిలో గాలి ఆడదు కనుక ఇనుము పట్టు సడలి, అది పట్టుకున్న భాస్వరం కొంత బయటికి వస్తుంది. ఇది వరికి కలిసివచ్చే గుణం. అదే మడి ఆరి, యాసంగిలో మక్క వేస్తే ఇనుము మళ్లీ బిగుసుకుంటుంది. కాబట్టి వరి తర్వాత మక్క వేసేవారు, మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువ అని వస్తే వరిలో తగ్గించుకోవచ్చు గాని మక్కలో మానకూడదు.

పల్లి: విత్తేటప్పుడు ఎకరానికి 100 కిలోల సూపర్ వేస్తే 16 కిలోల భాస్వరం అందుతుంది. జిప్సం 200 కిలోలు తొలి పూత సమయంలో, ఊడలు దిగే ముందు, మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. పల్లి కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి రాదు, భూమిలో ఉన్న కాయే తన పొట్టు ద్వారా తీసుకుంటుంది. అందుకే జిప్సం మానేసిన రైతుకు చెట్టు బాగున్నా కాయ లొట్టపోయింది. ఎక్కువ వేసిన డిఏపీ ఆ లోటు తీర్చలేదు, ఎందుకంటే డిఏపీలో కాల్షియం లేదు. రెండింటికీ నడుమ నెల తేడా ఎలాగూ ఉంటుంది కనుక ఒకదానికొకటి అడ్డం రావు. జిప్సాన్ని, డిఏపీని ఒకే తట్టలో కలిపి మాత్రం వేయకండి.

జింకు సంగతి: భాస్వరం మోతాదు మించితే పైరుకు జింకు అందదు. వరిలో ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి పైరు గిడసబారుతుంది. అది చూసి మళ్లీ డిఏపీ వేస్తే పుండు మీద కారం చల్లినట్టే. మూడు పంటలకు ఒకసారి ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేట్ దమ్ములో వేయాలి. భాస్వరం ఎరువుతో కలపకుండా రెండు మూడు రోజుల తేడా పాటించాలి.

పాత నిల్వ తీసే దారి: నేలలో తాళం పడిన భాస్వరాన్ని కొంత కరిగించే బ్యాక్టీరియా ఉంది. దీన్నే పిఎస్‌బి అంటారు. అది విడుదల చేసే సేంద్రియ ఆమ్లాలు ముడిని వదులు చేస్తాయి. రెండు కిలోల పిఎస్‌బి పొడిని 200 కిలోల చివికిన పశువుల పెంటలో కలిపి, తేమ ఉన్న నేలలో ఎకరానికి వేసుకోవాలి. రసాయన ఎరువుతో కలిపితే, ఎండకు పెడితే బ్యాక్టీరియా చస్తుంది. పెంట లేని నేలలో దీని పని అంతంత మాత్రమే. పచ్చిరొట్ట వేసి కలియదున్నినా ఇదే మేలు కొంత జరుగుతుంది.

మట్టి పరీక్షే అసలు లెక్క

మీ నేలలో ఎంత నిల్వ ఉందో కంటితో చూసి చెప్పలేం. మన ప్రాంతపు పరీక్షా కేంద్రాల్లో భాస్వరానికి ఎక్కువగా వాడేది ఓల్సెన్ అనే శాస్త్రవేత్త బృందం 1954లో చెప్పిన పద్ధతి. ఆ ద్రావణంలో కలిపేది సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటింట్లో ఉండే తినే సోడాయే. అది సున్నపు పట్టు నుంచి పైరుకు అందగల భాస్వరాన్ని విడదీసి చూపిస్తుంది.

యాసంగి కోత అయ్యాక, పెంట తోలకముందే మట్టి తీయాలి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల ఇంగ్లీషు వి ఆకారంలో ఆరు అంగుళాల లోతు గుంట తీసి, పక్క నుంచి సమంగా మట్టి గీకండి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంట కుప్పల దగ్గర తీయవద్దు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేస్తూ తగ్గించి, చివరకు అర కిలో ఉంచి నీడలో ఆరబెట్టండి. చెలకకు ఒక సంచి, రేగడికి ఒక సంచి వేరుగా కట్టాలి. పిహెచ్, సున్నం కూడా చూడమని అడగండి. కార్డులో అంకె హెక్టారుకు ఇచ్చారో ఎకరానికి ఇచ్చారో చూసుకోవాలి. హెక్టారు అంటే రెండున్నర ఎకరాలు. ఈ తేడా చూడక రెండున్నర రెట్లు పొరపడేవారు ఉన్నారు. భాస్వరం ఎక్కువ అని వస్తే ఎంత తగ్గించాలో రైతు వేదికలో మీ ఏఈవోను గాని, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రంలో గాని అడిగి తెలుసుకోండి.

యార్డులో అడిగిన రైతుకు చెప్పిన జవాబు ఇదే. "జిప్సం మానవద్దు. డిఏపీ పెంచవద్దు. పోయినసారి ఎక్కువేసిన బస్తాలో చాలావరకు నీ చెలకలోనే ఉన్నది. ఈసారి మట్టి పరీక్ష చేయించి, దాన్ని వాడుకొనే ఉపాయం చూడు." ఆయన కొంచెంసేపు ఊరుకొని, "అంటే నా పైసలు భూమిల దాసిపెట్టుకున్ననన్నట్టు" అన్నాడు. దాచుకున్నట్టే. ఎంత దాగిందో లెక్క చూసుకోకుండా, పై నుంచి ఇంకో బస్తా వేయకండి.